మొదటి విస్తరి ఎవరికి

రండి, ఇటు దగ్గరికి జరగండి. గుమ్మంలో నిలబడి వినే కథ కాదిది. ఈనెలు తియ్యాల్సిన చిక్కుడుకాయలేమన్నా ఉంటే ఒళ్ళో పెట్టుకోండి. చేతుల పని చేతులది, చెవుల పని చెవులది.

పోయిన వారం కథ ఆపినప్పుడు మా మేధని రేపల్లె అవతల చెరువు గట్టు మీద వదిలేసి వచ్చాను కదా. చున్నీ నడుముకి చుట్టుకుని, కాళ్ళు బురదలో పెట్టుకుని, పక్కన సెల్‌ఫోను మోగుతున్నా తియ్యకుండా కూర్చుంది పిల్ల. ఎదురుగా చెరువులో రొయ్యలు వారకి కొట్టుకొచ్చి చస్తున్నాయి. ఫోను చేస్తున్నది వాళ్ళ మేనేజరు వరప్రసాదంగారు.

కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం కాస్త వెనక్కి వెళతాను, తెలిసినవాళ్ళు విసుక్కోకండి. మేధ నా కూతురి కూతురు. రొయ్యలూ చేపలూ పెంచే చదువు చదివి తెనాలిలో వెంకటరాఘవయ్యగారి ఆఫీసులో చేరింది. ఆయన కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. రొయ్యల చెరువులు పెట్టుకున్న రైతులకి నీళ్ళెలా ఉన్నాయో, మేత ఎంత వెయ్యాలో, రోగం తగిలితే ఏం చెయ్యాలో సలహా చెప్పే ఆఫీసు అది. బోర్డు మీద కన్సల్టెన్సీ అని రాయించారు గానీ రైతులు మాత్రం రొయ్యల డాక్టర్లనే అనేవాళ్ళు. చెరువు కళ్ళతో చూడకుండా మాట చెప్పకూడదనేది ఆయన పెట్టిన మొదటి నియమం. రెండోది శనివారం భోజనం.

ఆ భోజనం సంగతి తెలియకపోతే ఈ కథే లేదు. శనివారం మధ్యాహ్నానికి అందరూ చెరువుల మీద నుంచి తెనాలి చేరేవాళ్ళు. మేముండేది ఆఫీసు వెనక వాటాలోనే, వంట నాది. నేల మీద వరసగా విస్తళ్ళు వేసేదాన్ని. వడ్డనకి ముందు, ఆ వారంలో ఎవరైనా రైతుకి తప్పు సలహా చెప్పి ఉంటే అందరి ముందూ చెప్పెయ్యాలి. చెప్పినవాళ్ళకి మొదటి విస్తరి, మొదటి గారె.

ఇదెవరో కూర్చుని ఆలోచించి పెట్టింది కాదు. ఆఫీసు పెట్టిన కొత్తలో ఒక శనివారం రాఘవయ్యగారే దిగాలుగా వచ్చి, నిజాంపట్నం దగ్గర ఒక చెరువులో సున్నం ఎక్కువ వేయించానమ్మా, తప్పు నాదే, నాకివాళ అన్నం వద్దు అన్నారు. నేనూరుకుంటానా. తప్పు చేసినవాళ్ళకి ఆకలెయ్యదా ఏంటండి అని ముందు ఆయనకే వడ్డించాను. ఆ తర్వాత వారం ఇంకొకరు చెప్పారు, వాళ్ళకి ముందు వడ్డించాను. అదే ఆచారమైపోయింది. ఒకరి తప్పు విని మిగతావాళ్ళు జాగ్రత్తపడేవాళ్ళు. మా మేధతో పాటే చేరిన నరేష్ అయితే గారెల వాసన తగిలిందంటే చాలు, చెయ్యని తప్పులు కూడా కల్పించి చెప్పేవాడు.

రెండువేల ఆరు ఉగాది వెళ్ళాక రాఘవయ్యగారికి గుండె ఆపరేషనైంది. తిరిగే ఓపిక పోయి, ఆఫీసుని ఒక చెన్నై కంపెనీకి ఇచ్చేశారు. ఆ కంపెనీ రొయ్యల మేతా మందులూ తయారుచేసే కంపెనీ. మందులమ్మేవాడే వైద్యుడైతే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా.

ఆఫీసులో మగపిల్లల మెడలకి టైలొచ్చాయి. కాళ్ళకి బూట్లొచ్చాయి. బూట్లేసుకుని చెరువులో ఎవరు దిగుతారండి అని అడిగితే, అసలు దిగక్కర్లేదన్నారు. బండ్లకి పెట్రోలు ఆపేసి, కుర్చీలో కూర్చుని ఫోన్లోనే సలహా చెప్పమన్నారు. ఏ సలహా చెప్పినా చివర కంపెనీ మందు ఒకటి అంటించమన్నారు. శనివారం భోజనం ఎత్తేశారు. నేల మీద కూర్చుని తినడం ఆఫీసు పద్ధతి కాదట. తప్పులు పైకి చెప్పుకోవడం అసలే పద్ధతి కాదట. ఈ మాటలన్నీ మోసుకొచ్చింది వరప్రసాదంగారు. ఆయనది ఏ ఊరో ఎవరికీ చెప్పేవాడు కాదు. ఇస్త్రీ మడత చెదిరేది కాదు, చెరువు ఛాయలకి వచ్చేవాడు కాదు.

సాయంత్రాలు పిల్లలు మా అరుగు మీద కూలబడేవాళ్ళు. జీతాలు పెరిగాయి, కాదనను. కానీ చేతినిండా పని చేసొచ్చిన అలసట వేరు, వీళ్ళ మొహాల్లో అలసట వేరు. నరేష్ ఒకరోజు టీ గ్లాసులోకి చూస్తూ, నేను చెప్పే మాట నాకే నమ్మబుద్ధి కావట్లేదు మామ్మగారూ అన్నాడు. ఎప్పుడూ నవ్వించే పిల్లాడు అంత నెమ్మదిగా మాట్లాడితే నా గుండెలో కలుక్కుమంది.

ఇలాంటి రోజుల్లో జకరయ్య ఫోను వచ్చింది. రేపల్లె అవతల కౌలు చెరువు అతనిది. చెరువులో పళ్ళెం దించి మేత పెట్టి చూస్తారు, ఖాళీ అయితే రొయ్య బాగున్నట్టు. మిగులుతోందమ్మా అన్నాడు. మేధ వెళ్ళి చూసొస్తానంది, వెళ్ళనివ్వలేదు. ఫోన్లోనే చెప్పమన్నారు. మందు మేతలో కలిపి వేస్తూ ఉండండి, తగ్గుతుంది అని చెప్పింది. మనసొప్పక నాలుగు రోజులాగి తనే రేపల్లె పాసింజరెక్కి వెళ్ళేసరికి చెరువు చెయ్యి జారిపోయింది. మొదటి రోజే చూసి ఉంటే, వెంటనే పట్టించి అమ్ముకోమని చెప్పేది. సగమన్నా దక్కేది. ఇదీ పోయిన వారం దాకా జరిగింది.

ఆఖరికి ఆ గట్టు మీద మేధ ఫోను తీసింది. అవతల వరప్రసాదంగారు కేకలెయ్యలేదు. కేకలేస్తే బాగుండేదట, అంత చల్లగా మాట్లాడాడట. జకరయ్య చెరువు సంగతి అప్పుడే రైతుల నోళ్ళలో పడింది, ఫోను సలహా నమ్మి మునిగాడు అనుకుంటున్నారు. శనివారం బాపట్లలో కల్యాణమండపం తీసుకున్నాం, చుట్టుపక్కల రైతులందరినీ పిలుస్తున్నాం. నువ్వు మైకు ముందుకొచ్చి, సలహా సరైనదే, జకరయ్యే మందు తక్కువ వేశాడని చెప్పు. చెబితే బాపట్లలో తెరిచే కొత్త ఆఫీసు నీ చేతికొస్తుంది. చెప్పకపోతే సోమవారం నుంచి రానక్కర్లేదు. ఇదీ ఆయన మాట.

ఇందులో ఉద్యోగం ఒక్కటే అయితే మేధ అంత నలిగిపోయేది కాదు. జకరయ్యకి సొంత చెరువు లేదు. మందు సరిగ్గా వెయ్యనివాడని నలుగురిలో పేరు పడిందంటే రేపల్లె నుంచి బాపట్ల దాకా అతనికి చెరువు కౌలుకిచ్చేవాడుండడు. మేధ నోట్లో నుంచి వచ్చే ఒక్క మాట మీద ఆ మనిషి బతుకు ఆధారపడి ఉంది. ఆ సంగతి ఆమెకీ తెలుసు, వరప్రసాదంగారికీ తెలుసు.

శనివారం తెల్లారకముందే లేచి పప్పు రుబ్బాను. ఎవరూ వండమనలేదు. అక్కడ కంపెనీ వాళ్ళు కేటరింగు పెట్టారు, నిలబడి తినే భోజనం. అయినా గారెలు వండి స్టీలు డబ్బాకెత్తాను, పులిహోర కలిపాను, అరిటాకులు కోశాను. నరేష్ స్టేషనుకి తీసుకెళ్ళడానికొచ్చి, ఆకుల కట్టకి తాడు కనపడక అటూ ఇటూ చూసి, మెడలో టై లాగి దాంతో కట్టేశాడు. ఇన్నాళ్ళకి దీనికో ఉపయోగం దొరికింది మామ్మగారూ అన్నాడు. మేధ నవ్వలేదు.

రైల్లో కిటికీ పక్కన కూర్చుంది. పొన్నూరు దాటింది. వరి కోతలైపోయిన పొలాల్లో మినుము పచ్చగా లేస్తోంది. అప్పుడడిగింది.

"అమ్మమ్మా, నేను నిజం చెబితే నా ఒక్కదాని ఉద్యోగంతో ఆగుతుందో, అందరివీ పోతాయో తెలియదు. నరేష్ వాళ్ళింట్లో వాడొక్కడే సంపాదన. నా తప్పుకి వాళ్ళని బలిపెట్టనా?"

నేను ఈపురుపాలెం మగ్గాల ఇంట్లో పుట్టినదాన్ని. నాకు తెలిసిందే చెప్పాను.

"పోగు తెగడం తప్పు కాదే. తెగిన చోట ముడెయ్యకుండా నేసుకుపోతామే, అది తప్పు. మగ్గం మీద ఉండగా ఎవరికీ కనపడదు. కట్టుకున్న రోజు నలుగురిలో చిరుగుతుంది. మా నాన్న అన్నం మానేసైనా వెనక్కి విప్పి ముడేసేవాడు."

నరేష్ ఎదుటి సీటులో కళ్ళు మూసుకుని ఉన్నాడు, నిద్రపోతున్నాడనుకున్నాం. కళ్ళు తెరవకుండానే, నా ఉద్యోగం గురించి నన్నడక్కుండా మీరిద్దరూ తేల్చుకుంటే ఎలా అన్నాడు. తర్వాత కళ్ళు తెరిచి మేధ వంక చూసి, నువ్వు ముడెయ్యి, తర్వాత సంగతి తర్వాత అన్నాడు. ఆ పిల్లాడి మీద అప్పటిదాకా నాకున్నది ఇష్టం. ఆ మాటతో గౌరవం కలిగింది.

కల్యాణమండపం నిండిపోయింది. సూర్యలంక వైపు నుంచి, నిజాంపట్నం నుంచి, రేపల్లె లంకల నుంచి రైతులొచ్చారు. ముందు వరసల్లో పెద్ద చెరువుల వాళ్ళు, వెనక కౌలుదార్లు. జకరయ్య మధ్య వరసలో తెల్లచొక్కా వేసుకుని, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, బడిలో కొత్త పిల్లాడిలా బిగుసుకుని కూర్చున్నాడు. అతనికి రెండు పక్కలా కుర్చీలు ఖాళీ. చెరువు పోయినవాడి పక్కన కూర్చోవడానికి అప్పుడే జంకు మొదలైందన్నమాట. నేను వెనక గోడ వార నా డబ్బాలతో కూర్చున్నాను. వంటవాళ్ళ మనిషిననుకుని నన్నెవరూ అడగలేదు.

వరప్రసాదంగారు చాలాసేపు మాట్లాడాడు. తెర మీద బొమ్మలు చూపించాడు. ఆఖర్న, రేపల్లెలో జరిగినదాని గురించి మీరంతా ఏవేవో విన్నారు, ఆ చెరువు చూసుకున్న మేధగారే మీకు నిజం చెబుతారు అని మైకు ఆమె చేతికిచ్చి పక్కకి జరిగాడు.

మేధ మైకు పట్టుకుంది. ముందు జకరయ్య వంక చూసింది. అతను తల దించుకున్నాడు. ఏం వినాల్సి వస్తుందో అతనికి అప్పటికే ఎవరో చెప్పినట్టున్నారు.

"జకరయ్యగారు మందు తక్కువ వెయ్యలేదండి. నేను ఎంత చెబితే అంత వేశారు. తప్పు ఆయనది కాదు, నాది. చెరువు చూడకుండా ఫోన్లో సలహా చెప్పాను. ఆ రోజే వెళ్ళి చూసి ఉంటే రొయ్యలు పట్టెయ్యమని చెప్పేదాన్ని. ఆయన చెయ్యాల్సిందంతా చేశారు. ఆయనకి చెరువు కౌలుకివ్వడానికి ఎవరూ వెనకాడొద్దని అడుగుతున్నాను."

అంతే. వెళ్ళనివ్వలేదని చెప్పొచ్చు. పెట్రోలు ఆపేశారని చెప్పొచ్చు. పైవాళ్ళు చెప్పమన్నారని చెప్పొచ్చు, అన్నీ నిజాలే కదా. ఒక్కటీ చెప్పలేదు. శనివారం విస్తరి ముందు ఎలా చెప్పాలో అలాగే చెప్పింది, తన తప్పు వరకే. రాఘవయ్యగారి దగ్గర నేర్చుకున్న పద్ధతి అది. పక్కవాడి పేరు ఎత్తితే ఆ రోజు మొదటి విస్తరి లేదు. నా చీర కొంగు తడిసిందంటే అది ఏడుపు కాదమ్మా. నా చేతి అన్నం తిన్న పిల్ల అక్కడ అలా నిలబడితే నా వెన్ను నిటారుగా అయింది, ఈ వయసులో.

తర్వాత సూర్యలంక వైపు రైతు ఒకాయన, ముసలాయన, కూర్చున్న చోటు నుంచే అన్నాడు, ఇన్నేళ్ళలో మందుల కంపెనీ వేదిక మీద తప్పు అనే మాట ఇవాళే విన్నానని. ఎవరో నవ్వారు. ఎవరో సర్దుకుని కూర్చున్నారు. ఒకతను లేచి వెళ్ళి జకరయ్య పక్క కుర్చీలో కూర్చున్నాడు. రెండో పక్క కూడా నిండింది.

వరప్రసాదంగారు మైకు తీసుకుని, భోజనాలు సిద్ధంగా ఉన్నాయి అని మాత్రం అన్నాడు.

ఇక నా పని మొదలైంది. కేటరింగు బల్లల ముందు జనం ప్లేట్లు పట్టుకుని వరస కడుతుంటే, నేను గోడ వార నేల తుడిచి, నరేష్ టై ముడి విప్పి, ఆకులు పరిచాను. ఇదేంటి పెద్దమ్మా అని రైతులు అడిగారు. శనివారం భోజనం సంగతి నరేష్ వాళ్ళకి చెప్పాడు, తప్పు ఒప్పుకున్నవాళ్ళకే మొదటి విస్తరి అని. మేధని పిలిచి మొదటి ఆకు ముందు కూర్చోబెట్టాను. గారెల డబ్బాలో గరిటె పెట్టానో లేదో, నా భుజం పక్కనుంచి ఒక చెయ్యి వచ్చింది.

జకరయ్య చెయ్యి. ఉప్పునీళ్ళకి గోళ్ళు తెల్లబడిపోయిన చెయ్యి.

"పెద్దమ్మగారూ, ఆ గరిటె ఇటివ్వండి. ఈయమ్మకి నేను వడ్డిస్తాను."

మేధ తలెత్తి, వద్దండి జకరయ్యగారూ, మీ చెరువు పోగొట్టినదాన్ని అంది. ఆ మనిషి మోకాళ్ళ మీద కూర్చుని ఆకులో గారెలు పెడుతూ అన్నాడు.

"చెరువు పోతే వచ్చే ఏడు ఇంకోటి దొరుకుద్దమ్మా. పేరు పోతే ఎవడిస్తాడు? నువ్వు నా పేరు నిలబెట్టావు. తిను."

పొద్దున్నుంచీ మంచినీళ్ళు కూడా ముట్టని పిల్ల అప్పుడు గారె తుంచింది. రైతులు చేతుల్లో ప్లేట్లు బల్ల మీద పెట్టేసి ఒక్కొక్కరే వచ్చి నేల మీద కూర్చోవడం మొదలుపెట్టారు. నేను తెచ్చిన ఆకులు చాలవు. ఒక ఆకుని ఇద్దరికి చింపాను. మా ఆఫీసు పిల్లలంతా, నెలల తరబడి మొహాలు వేలాడేసుకున్న పిల్లలు, చొక్కా చేతులు మడిచి నీళ్ళు పోస్తున్నారు, కేటరింగు కూరలు తెచ్చి ఆకుల్లో వడ్డిస్తున్నారు. బోర్డు మారింది గానీ వీళ్ళు మారలేదు. అది నా కళ్ళతో చూశాను.

జకరయ్య గరిటె పట్టుకుని వరస చివరికొచ్చాడు. అక్కడ ఒక ఆకు ఖాళీగా ఉంది. ఆ ఆకు ముందు వరప్రసాదంగారు నిలబడి ఉన్నాడు.

పిల్లలంతా ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. సోమవారం నుంచి రావద్దనే మాట ఇప్పుడే అనేస్తాడనుకున్నారు. ఆయన వంగి బూట్లు విప్పాడు. మేజోళ్ళు విప్పాడు. బాసింపట్టు వేసుకుని ఆకు ముందు కూర్చున్నాడు. కూర్చున్నప్పుడు కాలు ఇటు తిరిగింది, మడమ కనపడింది. మడమ మీద అడ్డంగా తెల్లటి గీత, పాత మచ్చ. అలాంటి మచ్చ బూట్ల వల్ల రాదు. ఉప్పుకాలవల్లో ఒట్టి కాళ్ళతో తిరిగేవాళ్ళకి ఆల్చిప్ప కోస్తే పడే మచ్చ అది. జకరయ్య కాళ్ళ మీద ఉన్నవీ అవే.

జకరయ్య కూడా చూశాడు. అతని చేతిలో గరిటె గాల్లోనే ఆగింది. మచ్చ వంక చూశాడు, మొహం వంక చూశాడు, మళ్ళీ మచ్చ వంక చూశాడు.

వరప్రసాదంగారు తలెత్తలేదు. ఇన్ని నెలలూ విన్న చెన్నై మాట కాదు, అచ్చం రేపల్లె లంకల మాటలో అన్నాడు.

"నాకూ వడ్డించు జకరయ్యా. కాకపోతే ముందు నేను చెప్పాల్సింది ఉంది. ఆయమ్మ చెప్పింది నాలుగు రోజుల తప్పు. నాది ఇరవయ్యేళ్ళది. నీకే చెప్పాలి."

ఆయనేం చెప్పాడో విన్నది మేం కొద్దిమందిమే. అది నెమ్మదిగా కూర్చోబెట్టి చెప్పాల్సిన మాట, చిక్కుడుకాయలు అయిపోవస్తుంటే చెప్పేది కాదు, వచ్చే వారం చెబుతాను. ఈలోపల ఇవాళ విన్నది మర్చిపోకండి. వంటింట్లోనో, బస్టాండులోనో, ఎవరైనా తీరిగ్గా దొరికితే చెప్పండి. పేర్లు తారుమారైనా ఫరవాలేదు, గారెలు బూరెలైనా ఫరవాలేదు. కానీ మా మేధ తన తప్పు వరకే చెప్పి ఆగిందని చెప్పండి, ఆ గరిటె అడిగి తీసుకున్నది చెరువు పోయిన మనిషని చెప్పండి. ఆ రెండూ మాత్రం వదలకండమ్మా.